బుడ్డోడి అక్షరాల గురించి అమ్మాయికి

చిట్టితల్లికి అమ్మ దీవించి రాసేది.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడున్నరేళ్ళు నిండినా బుడ్డోడికి ‘అ’ రాయడం రావట్లేదని, పెన్సిల్ చేతికిస్తే విసిరికొడుతున్నాడని, ఇంట్లోనే నేర్పుకుందామనుకోవడం తప్పేమోనని బాధపడ్డావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పెన్సిల్ కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఆ వయసులో చాలామంది పిల్లలు దాన్ని గుప్పిట్లో బిగించి, చెయ్యంతా కదిపి గీస్తారు. మూడు వేళ్ళతో పట్టాలంటే ఆ వేళ్ళకి బలం రావాలి. బంకమట్టి పిసకనివ్వు, పాత కాగితాలు చింపనివ్వు, దారానికి పెద్ద పూసలు గుచ్చనివ్వు. ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టే పని వాడికే అప్పజెప్పు. చూడ్డానికి ఆటలే గానీ అవన్నీ రాతకి సాధనలే.

పైగా మన ‘అ’ వరసలో మొదటిదే గానీ చేతికి తేలికైనది కాదు. వర్ణమాల వరస నోటిని బట్టి పెట్టింది. ‘క’ గొంతులో పుడుతుంది, అక్కణ్ణుంచి ఒక్కో వర్గమూ ముందుకి జరుగుతూ ‘ప ఫ బ భ మ’ దగ్గరికొచ్చేసరికి పెదవులు కలుస్తాయి. నువ్వే ఒకసారి అని చూసుకో. ఎంత అందమైన అమరికో! కానీ చేతికి ఆ వరసతో పనిలేదు. సున్నా చుట్టి పైన తలకట్టు పెడితే ‘ర’ అయిపోతుంది. అక్కడ మొదలుపెట్టు. ‘గ’, ‘ప’, ‘ల’ తర్వాత మెల్లగా రానీ. ‘ప’, ‘వ’, ‘మ’ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి మూడూ ఒకే వారంలో చూపించకు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది.

అన్నిటికంటే ముందు చెవి. రోజూ పది నిమిషాలు, అదీ వాడు హుషారుగా ఉన్నప్పుడు, ఒక సంచిలో కత్తెర, కలం, కప్పు, వాటితో పాటు ఒక బంతి వెయ్యి. వాడు చెయ్యి పెట్టి ఒక్కోటి తీస్తాడు. దాని పేరు మొదట్లో ‘క’ వినిపించిందా లేదా చెప్పాలి, అంతే ఆట. బంతి తీసి “ఇది కాదు” అన్నాడంటే చెవి తెరుచుకున్నట్టే. ‘ణ’, ‘ళ’ మాత్రం తెలుగు మాటల మొదట్లో రావు. వాటి వంతు వచ్చినప్పుడు వీణలో, తాళంలో, కళ్ళలో దాక్కున్నాయి వెతకమను.

చెవి తర్వాత వేళ్ళు. 1907లో మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ రోమ్‌లో చిన్నపిల్లల కోసం తన మొదటి బడి తెరిచింది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టల మీద అంటించి, పిల్లలు వాటిని వేళ్ళతో తడుముతూ ఆ ధ్వని పలికేలా చేసింది. అది మనింట్లోనూ చేసుకోవచ్చు. ఒక పళ్ళెంలో సన్నటి ఇసుక పల్చగా పరిచి వేలితో రాయించు. తడి కుంచెతో గోడ మీద రాయమను, తప్పు రాసినా నిమిషంలో ఆరిపోతుంది, చెరిపే బాధ కూడా లేదు. అక్షరం తిరగేసి రాస్తే కంగారుపడకు. చెంచాని ఎటు తిప్పినా చెంచాయే అని ఇన్నాళ్ళూ చూసినవాడికి, అక్షరానికి మాత్రం ఇటే తిరిగి ఉండాలనే నియమం కొత్త. నువ్వు పక్కన సరిగ్గా రాసి చూపిస్తే చాలు.

మన భాషలో ఇంకో సుఖం ఉంది. అక్షరం పేరే దాని పలుకు. ప, డ, వ, ల, త, క, ఈ ఆరూ వస్తే చాలు, గుణింతం జోలికి పోకుండానే తల, వల, కల, పడవ, పలక చదివేస్తాడు. అట్టముక్కల మీద ఆ ఆరక్షరాలు రాసి నేల మీద పరిచి, నువ్వు “పడవ” అంటే వాడు ఒక్కోదాని మీదికీ గెంతాలి. యాభై ఆరూ అయ్యేదాకా మాటలు ఆపొద్దు తల్లీ.

ఇంత ఓపిగ్గా చెబుతున్నాను గానీ, నీ దగ్గర నేను ఇలా లేను. నీకు నాలుగేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని పలక నిండా ‘అ’లు దిద్దించేదాన్ని. ఒకరోజు పలక కనబడలేదు. వెతికితే మంచం కింద, గోడ వారగా, నీ దుప్పటిలో చుట్టి ఉంది. నిన్ను కోప్పడ్డాను. ఆ చుట్టిన దుప్పటి ఇప్పటికీ కళ్ళముందే ఉంది, దాన్ని చూసి ఆగాల్సింది నేను.

గరుకు కాగితంతో ఆరక్షరాలు కత్తిరించి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ‘డ’ వంపు దగ్గర కొంచెం లేస్తోంది, మళ్ళీ జిగురు పెట్టు. వీటిలో ముందు ‘ప’ ఒక్కటే బయటికి తియ్యి. మిగతావి వాడే అడుగుతాడు.

బుడ్డోడికి ముద్దులు.

మీ అమ్మ