మా కళాశాల గ్రంథాలయం గురించి ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి నమస్కారం.

లైబ్రరీలో ఆన్‌లైన్ జర్నల్స్ అందుబాటులోకి తేవాలని జూలై నుంచి మీకు మూడు వినతిపత్రాలు ఇచ్చాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది, మన్నించండి.

కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని 2025 జనవరి 1న మొదలుపెట్టింది. దీని కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ (పరిశోధన వ్యాసాలు వచ్చే పత్రికలు) ప్రభుత్వ కళాశాలలకు ఉచితం. కళాశాల నమోదు చేసుకుని మాకు లాగిన్‌లు ఇస్తే చాలు, ఇంటి నుంచి కూడా చదువుకోవచ్చు. మన లైబ్రరీలో మాత్రం మూడు కంప్యూటర్లకు పూల గుడ్డ కప్పి ఉంది. ఒకదాని కీబోర్డు మీద పాత హాజరు రిజిస్టర్లు పేర్చారు. (గుడ్డ మాత్రం శుభ్రంగానే ఉతుకుతున్నారు.)

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కావాల్సిన ఒక్క వ్యాసం బయట కొనాలంటే 30 డాలర్లకు పైనే. నా స్నేహితురాలు అలాంటి వ్యాసం కోసమే రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్లింది. ఆ రోజు వాళ్లమ్మకు కూలీ పోయింది, ఇంట్లో చంటిబిడ్డను చూసేవాళ్లు లేక. సబ్మిషన్ దగ్గరపడేకొద్దీ అందరికీ టెన్షనే.

ఆగస్టు 12న భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి జయంతికి దండ వేశాం, ఫొటో దిగాం. ఆ గంటలో దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో థీసిస్ ఎలా వెతకాలో చూపించి ఉంటే బాగుండేది.

పదిహేను రోజుల్లో నమోదు పూర్తి చేసి లాగిన్‌లు ఇప్పించండి. నవంబర్ 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో రెండు రోజులు లైబ్రేరియన్ గారితో శిక్షణ పెట్టించండి. జవాబు నోటీసు బోర్డులో పెట్టినా చాలు.

ఇట్లు,
రసాయనశాస్త్రం పీజీ విద్యార్థిని