వైఫై వచ్చేసింది, అన్నయ్యగారికి థాంక్స్

మా బావ ఆఫీసులో పనిచేసే అన్నయ్యగారికి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన చేయించిన పని మాత్రం వివరంగా రాస్తాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

ఇంట్లో డెస్క్‌టాప్‌కి పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించి, విండోస్ కొత్తగా ఎక్కించాం. స్పీడు పెరిగింది గానీ వైఫై గుర్తే మాయమైపోయింది. కంప్యూటర్‌కి వైఫై కార్డుని వాడటం నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. అది దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు తయారైంది. కార్డుతో పాటు వచ్చిన సీడీ ఉంది, దాన్ని పెట్టడానికి కంప్యూటర్‌కి సీడీ డ్రైవే లేదు. తెలిసినవాళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన ఫైల్ 'ఇన్‌స్టాల్ పూర్తయింది' అని నిక్షేపంగా చెప్పేది. రీస్టార్ట్ చేసి చూస్తే ఎక్కడిదక్కడే. మళ్లీ ఫార్మాట్ కొట్టమని ఒకరు, కార్డు పోయింది కొత్తది కొనమని ఇంకొకరు. సోమవారం నుంచి ఇంట్లో కూర్చుని చేయాల్సిన ఆఫీసు పని ఉంది. ఒకటే టెన్షన్.

అన్నయ్యగారు ఫోన్‌లో సంగతంతా విని, "అమ్మా, ఇంక ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ఆ కార్డు లోపల ఏముందో చూద్దాం" అన్నారు. అట్టపెట్టె మీది మోడల్ పేరు చదవబోతే, దాంతో పని లేదన్నారు. కంప్యూటర్‌లోని భాగాలన్నిటి జాబితా చూపించే 'డివైస్ మేనేజర్' తెరిపించారు. అందులో 'అదర్ డివైసెస్' కింద 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని, పక్కన పసుపు గుర్తుతో ఒకటి కూర్చుని ఉంది. ప్రాపర్టీస్‌లో కోడ్ 28 అని చూపిస్తోంది. అంటే డ్రైవర్ అసలు ఎక్కలేదని అర్థమట, కార్డు పాడైందని కాదు. సగం ప్రాణం అక్కడే లేచి వచ్చింది.

తర్వాత 'డీటెయిల్స్'లోకి వెళ్లి 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోమన్నారు. ఒక పొడుగాటి వరస వచ్చింది. "వీ ఈ ఎన్ అని ఉంటుంది చూడండి, దాని పక్కన నాలుగక్షరాలు చదవండి." ఒకటి, సున్నా, ఈ, సీ. "అయితే మీది రియల్‌టెక్ చిప్" అని చటుక్కున చెప్పేశారు! ఆ నాలుగూ చిప్ చేసిన కంపెనీ గుర్తట. 14సీ3 ఉంటే మీడియాటెక్, 8086 ఉంటే ఇంటెల్. (ఈ 8086 అనేది 1978లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ పేరు కూడా. ఆ వివరం చెప్పేటప్పుడు ఆయన గొంతులో సంబరం వినాలి.) ఆ తర్వాత డీ ఈ వీ పక్కన ఉన్నది చదివితే చిప్ ఏ రకమో కూడా తేలిపోయింది.

అసలు చిక్కు ఏమిటంటే, ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారినప్పుడు కంపెనీలు లోపల వేరే చిప్ పెట్టేస్తుంటాయి. పెట్టె మీద పేరు అదే, డ్రైవర్ మాత్రం వేరు. మాకు తెచ్చిచ్చిన ఫైల్ పాత వెర్షన్‌ది. ఇంత చిన్న విషయం పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోతుందో నాకర్థం కాదు.

నెట్ సంగతి కూడా ఆయనే తేల్చేశారు. ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్‌లోని నెట్‌ని కంప్యూటర్‌కి అందించే 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయించారు. ఫోన్ ఇంటి వైఫైలోనే ఉంది కాబట్టి మొబైల్ డేటా కూడా ఖర్చు కాలేదు. కార్డు కంపెనీ సైట్‌లో మా కార్డు వెర్షన్, 64 బిట్ విండోస్‌ది చూసుకుని డ్రైవర్ దించాను. జిప్‌లో సెటప్ ఫైల్ లేదు, డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ లాంటి ఫైళ్లే ఉన్నాయి. ఫోల్డర్ విప్పి, డివైస్ మేనేజర్ నుంచే 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించమన్నారు. కాసేపటికి చుట్టుపక్కల వైఫైల పేర్లన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. ఇంట్లో కేకలు.

అంతటితో వదిలేయలేదు ఆయన. మర్నాడు తనే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు. కాసేపు వాడకుండా వదిలేస్తే నెట్ పోతోందని చెప్పాను. ప్రాపర్టీస్‌లో 'పవర్ మేనేజ్‌మెంట్' కింద, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అన్న చోట టిక్ తీయించారు. ఆ తర్వాత మళ్లీ పోలేదు. ఎక్కించిన డ్రైవర్లన్నిటినీ విండోస్‌లోనే ఉండే 'పీఎన్‌పీయుటిల్' కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కూడా చేయించారు. డ్రైవర్లు మేమే వెతికి పెడతాం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దని గట్టిగానే చెప్పారు.

అన్నయ్యగారూ, ఒక్కసారి కూడా విసుక్కోలేదు మీరు. ఎక్కడ నొక్కాలో కాదు, ఎందుకు నొక్కాలో చెప్పారు. చాలా చాలా థాంక్స్. మాట్లాడుతున్నంతసేపూ మీకు వేరే కాల్స్ వస్తూనే ఉన్నాయి, అవీ ఇలాంటివేనేమో! అందుకే చెబుతున్నా, 'నెట్‌వర్క్ కంట్రోలర్' పక్కన పసుపు గుర్తు దగ్గర ఆగిపోయినవాళ్లు ముందు నాకు ఫోన్ చేయండి. ఆ నాలుగక్షరాలు చదివించడం వరకు నాకూ వచ్చు.