వార్షిక నివేదిక: ఎగుమతి సాయం ఆర్డర్ రాకముందే అడగాలి

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక పని అప్పగించారు. సొంత దేశంలో బాగానే అమ్ముకుంటున్న చిన్న సంస్థ బయటి దేశాలకు సరుకు పంపాలనుకుంటే ప్రభుత్వం నుంచి ఏ సాయం దొరుకుతుందో, అది అందాలంటే ఏం చెయ్యాలో తేల్చమన్నారు. ఏడాదిలో మా సమయం ఎక్కువగా దీనికే వెళ్లింది. ఈ నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం.

తేలిన సంగతి ముందే చెబుతాం. సాయం దొరక్క ఆగిపోయినవాళ్లు మనలో తక్కువ. అడగాల్సిన సమయం దాటాక అడిగినవాళ్లే ఎక్కువ. ఆర్డర్ ఖాయమై, సరుకు ఓడెక్కి, డబ్బు ఆగిపోయాక ఎగుమతి ప్రోత్సాహక కార్యాలయానికి వెళితే అక్కడి అధికారి ఎంత మంచివాడైనా చెయ్యగలిగింది కొద్దే.

కొటేషన్ల పరిశీలన

ఈ ఏడాది కొత్తగా పెట్టిన కార్యక్రమం ఇది. విదేశీ బయ్యర్‌కి కొటేషన్ పంపే ముందు సభ్యులు దాన్ని సంఘానికి తెస్తారు. అనుభవమున్న ఎగుమతిదారు ఒకరు, కస్టమ్స్ పని తెలిసినవారు ఒకరు కూర్చుని చూస్తారు. ఎక్కువసార్లు చర్చ ఆగింది ఒకే చోట: సరుకు కోడ్ దగ్గర, అంటే ఏ సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే అంకెల దగ్గర. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే ఈ వర్గీకరణ 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు దాన్ని పాటించే దేశాలన్నిటా ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివే. దిగుమతి సుంకం ఎంతో ఈ కోడే చెబుతుంది.

ఉక్కు బందులు చేసే సభ్యుడు ఒకరు తన సరుకు బీరువాలకు వాడతారు కాబట్టి ఫర్నిచర్ భాగాల కింద, అంటే 9403లో చూపించారు. లోహపు బందులకు, ఫిట్టింగులకు 8302 అని విడిగా శీర్షిక ఉంది. రెండిటికీ సుంకం ఒకటే కానక్కర్లేదు. బయ్యర్ లెక్కేసుకున్న ధర ఒకటై, రేవులో కట్టాల్సి వచ్చింది ఇంకొకటైతే రెండో ఆర్డర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అనుమానం ఉంటే దిగుమతి చేసుకునే దేశపు కస్టమ్స్‌ను ముందుగానే రాతపూర్వకంగా అడగొచ్చు. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సులభతర ఒప్పందం ఇలాంటి ముందస్తు నిర్ణయాలకు వీలు కల్పించింది. ఈ సంగతి సభ్యుల్లో చాలామందికి ఇక్కడే మొదటిసారి తెలిసింది.

ధర షరతుల మీద కూడా గట్టి చర్చే జరిగింది. 'సీఐఎఫ్' (సరుకు ధర, బీమా, రవాణా ఖర్చు కలిపిన ధర) అని రాస్తే సరుకు అవతలి రేవు చేరేదాకా బాధ్యత మనదే అని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి రవాణా ఖర్చు, బీమా మనం కడతాం గానీ, నష్టభయం మాత్రం ఇవతలి రేవులో సరుకు ఓడెక్కగానే బయ్యర్‌కి మారిపోతుంది. అంతర్జాతీయ అమ్మకాల్లో ఖర్చు, బాధ్యత ఎవరివో చెప్పే నియమాల్లో, ప్రస్తుతం వాడుకలో ఉన్న ఇన్‌కోటర్మ్స్ 2020లో ఇలాంటి షరతులు 11 ఉన్నాయి. అన్నీ అక్కర్లేదు, మీరు వాడే రెండు మూడింటినైనా క్షుణ్ణంగా చదవండి.

లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే సరైన కాగితాలు చూపిస్తే డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ, వచ్చిందంటే డబ్బు వచ్చేసినట్టే అనే ధీమా కూడా వద్దు. బ్యాంకు సరుకును చూడదు, కాగితాలనే చూస్తుంది. ఎల్‌సీల విషయంలో బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం ఇన్వాయిస్‌లో సరుకు వివరణ ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోవాలి. ఎల్‌సీలో వేరే గడువు రాసి లేకపోతే, ఓడెక్కిన 21 రోజుల్లోపు ఒరిజినల్ రవాణా పత్రాలతో సహా కాగితాలు బ్యాంకుకి చేరాలి. ఒక సభ్యురాలి కాగితాలు మేం బల్ల మీద పరిచి చూశాం. ఎల్‌సీలో 'కాటన్ టేబుల్ కవర్లు' అని ఉంది, ఇన్వాయిస్‌లో 'చేనేత వస్త్రాలు' అని ఉంది. ప్యాకింగ్ లిస్టులో బాక్సుల సంఖ్య ఇన్వాయిస్‌తో కలవలేదు. సరుకులో ఏ లోపమూ లేదు. అయినా ఆ కాగితాలు అలాగే వెళ్లుంటే బ్యాంకు నుంచి తిరిగొచ్చేవి. సాయంత్రానికల్లా దిద్దుకుని వెళ్లారు. ఏడాదిలో మాకు బాగా తృప్తినిచ్చిన పూట అది.

చెక్క పెట్టెల సంగతి కూడా చెప్పాలి. ముడి చెక్కతో చేసిన పెట్టె, ప్యాలెట్ ఏదైనా చాలా దేశాల్లో చెక్కను పురుగులు లేకుండా శుద్ధి చేశారని చూపే ఐఎస్‌పీఎం 15 ముద్ర లేనిదే లోపలికి రానివ్వరు. వేడితో శుద్ధి చేసే మామూలు పద్ధతిలో చెక్క లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్‌కి చేరి కనీసం 30 నిమిషాలు ఉండాలి. ప్లైవుడ్‌కి ఈ నియమం లేదు. ప్యాకింగ్ ఆర్డర్ ఇచ్చేముందు తెలిస్తే ఇది చిన్న విషయం. అవతలి రేవులో తెలిస్తే సరుకంతా వెనక్కి రావచ్చు.

డబ్బు రాకపోతే

ఇది రాయడం కష్టంగానే ఉంది. మన సభ్యుల్లో ఒకరు ఎగుమతి చేసిన సరుకుకు బయ్యర్ దివాలా తియ్యడంతో డబ్బు రాలేదు. అరువు మీద పంపారు, బీమా లేదు. ఆ కుటుంబం పడ్డ టెన్షన్ దగ్గరనుంచి చూశాం. ఇంకెవరికీ అలా జరగకూడదనే పట్టుదలతో, అరువు మీద పంపిన సరుకుకు డబ్బు రాకపోతే ఆదుకునే ఎగుమతి రుణ బీమా మీద ప్రత్యేక సమావేశం పెట్టాం.

1919లో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చితికిపోయిన వ్యాపారాన్ని నిలబెట్టడానికి బ్రిటన్ ప్రభుత్వం ఎగుమతి రుణాల కోసం ఒక విభాగం పెట్టింది. అమెరికాలో ఎగ్జిమ్ బ్యాంక్ 1934లో, భారతదేశంలో ఇప్పటి ఈసీజీసీ 1957లో వచ్చాయి. ఇప్పుడు చాలా దేశాల్లో ఇలాంటి సంస్థ ఉంది. బయ్యర్ దివాలా తీసినా, అతని దేశంలో యుద్ధం వచ్చినా, విదేశీ మారకం బయటికి పంపనివ్వకపోయినా నష్టంలో ఎక్కువ భాగం బీమా భరిస్తుంది. నష్టం మొత్తం సాధారణంగా రాదు, కొంత మనమే మొయ్యాలి. పైగా పాలసీ ఇచ్చేముందు ఆ సంస్థ బయ్యర్ పరపతిని తనే విచారిస్తుంది. మా దృష్టిలో బీమా కన్నా విలువైనది ఆ విచారణే. ఫలానా బయ్యర్‌కి అరువు పరిమితి ఇవ్వలేమని వాళ్లు చెబితే, అరువు ఇవ్వకండి అని చెప్పినట్టే అనుకోండి. బ్యాంకులు కూడా బీమా ఉన్న ఎగుమతి మీద అప్పు ఇవ్వడానికి తొందరగా ముందుకొస్తాయి.

నగదు ఎందుకివ్వరు?

ప్రతి సమావేశంలోనూ ఈ ప్రశ్న వచ్చింది: ఎగుమతి చేసినదాని మీద ప్రభుత్వం నేరుగా ఇంత శాతం అని నగదు ఇవ్వొచ్చు కదా? ప్రపంచ వాణిజ్య సంస్థలోని సబ్సిడీల ఒప్పందం, బాగా వెనుకబడిన దేశాలకు కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఎగుమతి చెయ్యాలన్న షరతు మీద ఇచ్చే సబ్సిడీని నిషేధించింది. ముడిసరుకు మీద కట్టిన సుంకాన్ని, పన్నును, కట్టినంతకు మించకుండా, వెనక్కి ఇవ్వడం మాత్రం తప్పు కాదు. అందుకే సాయం ఎక్కువగా సుంకం వాపసు, సమాచారం, శిక్షణ, ప్రదర్శనల్లో స్టాల్, బీమా రూపాల్లో కనిపిస్తుంది. సుంకం వాపసుకి ముడిసరుకు బిల్లులు మొదటినుంచీ దాచిపెట్టుకోవాలి. ఆఖర్లో వెతికితే దొరకవు.

ప్రదర్శన ఖర్చుల్లో వాటా ఇచ్చే పథకాలకూ ఇదే వరస. ఆస్ట్రేలియాలో 1974 నుంచి ఉన్న మార్కెట్ అభివృద్ధి గ్రాంటు చాలాకాలం ఖర్చయ్యాక తిరిగిచ్చే పద్ధతిలో నడిచింది. 2021 నుంచి ముందుగానే ఒప్పందం కుదుర్చుకునే పద్ధతికి మారింది. ఈ మార్పు మనకు నచ్చింది. చేతిలో డబ్బులేని చిన్న సంస్థకు ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే ధైర్యం. ఇదే కోరుతూ మన ప్రభుత్వానికి విజ్ఞాపన ఇచ్చాం. జవాబు కోసం చూస్తున్నాం, వదిలిపెట్టం.

ఈ ఏడాది ఒక అంతర్జాతీయ ప్రదర్శనలో సభ్యులు ఉమ్మడి స్టాల్ తీసుకున్నారు. స్టాల్ కన్నా ఎక్కువ ఉపయోగపడింది, వెళ్లేముందు రాయబార కార్యాలయంలోని వాణిజ్య విభాగం బయ్యర్ల జాబితాను వడగట్టి ఇవ్వడం. జపాన్‌లో 1958లో పుట్టిన జెట్రో, దక్షిణ కొరియాలో 1962లో పుట్టిన కోట్రా అనే వాణిజ్య ప్రోత్సాహక సంస్థలు చేస్తూ వచ్చిన పనుల్లో ముఖ్యమైనది ఇదే: అక్కడ ఒక మనిషిని పెట్టి, ఇక్కడున్న చిన్న సంస్థకు సరైన బయ్యర్‌ని చూపించడం. జాబితా ముందుగా అడిగి, మాట్లాడే వేళలు ఖాయం చేసుకుని వెళ్లినవాళ్లకు పని జరిగింది. అక్కడికెళ్లాక చూసుకుందాం అనుకున్నవాళ్లు కరపత్రాలు పంచి వచ్చారు.

ఇతర విషయాలు

ఆడిట్ అయిన జమాఖర్చులు విడిగా జతచేశాం. గ్రంథాలయానికి కొత్త అలమారాలు వచ్చాయి. కార్యవర్గంలో ఖాళీ అయిన స్థానాలకు సర్వసభ్య సమావేశంలోనే ఎన్నిక ఉంటుంది.

వచ్చే ఏడాది కొటేషన్ల పరిశీలన ప్రతి నెలా కొనసాగుతుంది. రుణ బీమా దరఖాస్తు నింపడంలో సాయపడటానికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు, వాళ్లకు కృతజ్ఞతలు. వచ్చే ప్రదర్శనకు వెళ్లదలచినవారు సరుకు కోడ్, ఏ దేశం, నెలకు ఎంత పంపగలరు అన్న మూడు వివరాలతో పేర్లు ఇవ్వండి. జాబితా పూర్తవగానే అందరి తరఫునా వాణిజ్య విభాగానికి మేమే రాస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి