నిర్దోషిగా తేలిన తండ్రుల కథలే చాలవు

సంపాదకులకు నమస్కారం.

బాలసాహిత్య అనువాదాల గురించి మీ ఆదివారం అనుబంధంలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. 1940ల చివర, 1950ల మొదట్లో అమెరికాలో కమ్యూనిస్టు భయం పేరిట జరిగిన వేధింపుల మీద అక్కడ పన్నెండేళ్లు దాటిన పిల్లల కోసం మంచి నవలలు వచ్చాయి. వాటిలో కొన్నింటినైనా తెలుగులోకి తేవాలన్న సూచనను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. అయితే ఎలాంటి కథలను ఎంచుకుంటామన్న విషయంలో చాలా జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

తండ్రి మీద అనుమానం పడుతుంది, ఉద్యోగం పోతుంది, ఇరుగుపొరుగు మాట్లాడటం మానేస్తారు, చివరికి ఆయన కమ్యూనిస్టే కాదని తేలి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఇటువంటి కథ చదివిన పిల్లవాడు అధికారులు పొరబడ్డారని మాత్రమే అనుకుంటాడు. ఆ తండ్రి నిజంగా కమ్యూనిస్టే అయివుంటే ఆయన ఉద్యోగం తీసేయడం న్యాయమేనా అన్న ప్రశ్న ఆ పిల్లవాడికి తట్టనే తట్టదు. ఆ కాలం గురించి అడగవలసిన అసలు ప్రశ్న అదే. 1947లో కమ్యూనిస్టుల గురించి విచారణ జరిపిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట సమాధానం చెప్పడానికి నిరాకరించిన పదిమంది హాలీవుడ్ సినిమావాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యులే. వారి మీద గూఢచర్యం ఆరోపణ లేదు. కాంగ్రెస్‌ను, అంటే అక్కడి చట్టసభను, ధిక్కరించారన్న నేరానికే జైలుకు వెళ్లారు. వారిలో ఒకరైన రచయిత డాల్టన్ ట్రంబో రాసిన ‘రోమన్ హాలిడే’ సినిమా కథకు ఆస్కార్ వచ్చినా అది మరొకరి పేరు మీదే వెళ్లింది. న్యూయార్క్ నగరంలో వందల మంది ఉపాధ్యాయులు బడులకు దూరమయ్యారు. వారు తరగతి గదిలో ఏం చెప్పారన్నదానికన్నా ఏ పార్టీలో ఉన్నారన్నదే విచారణాధికారులకు ముఖ్యమైంది.

అందుకే 2005లో వచ్చిన ఎలెన్ లెవీన్ నవల ‘క్యాచ్ ఎ టైగర్ బై ద టో’ను ముందుగా పరిశీలించమని కోరుతున్నాను. అందులోని అమ్మాయి తల్లిదండ్రులు నిజంగానే కమ్యూనిస్టులు. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియకుండా దాచుకుంటూ బతకడం ఆ వయసులో ఎంత బరువో ఆమె కథ చెబుతుంది. తప్పంతా కమ్యూనిస్టుల వేటకు పేరుపడిన సెనేటర్ మెకార్తీ ఒక్కడి మీదే మోపి ముగించే పుస్తకాల పట్ల నాకు తృప్తి లేదు. ఆయన పేరు దేశమంతా మారుమోగింది 1950లో. ప్రభుత్వోద్యోగుల విధేయతను విచారించాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1947లోనే. మరోవైపు ఇండియానాలో పాఠ్యపుస్తకాల కమిషన్ సభ్యురాలు ఒకరు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టే రాబిన్‌హుడ్ కథలో కమ్యూనిజం ఉందని, బడి పుస్తకాల నుంచి దాన్ని తీసేయాలని 1953లో అన్నారు. మరుసటి ఏడాది అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు రాబిన్‌హుడ్‌కు గుర్తుగా కోడి ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి నోటీసు బోర్డులకు గుచ్చి నిరసన తెలిపారు. ఈ ఉదంతం పిల్లలకు తప్పక చెప్పాలి.

సోవియట్ యూనియన్ కోసం గూఢచర్యం చేశారన్న కేసులో శిక్షపడిన జూలియస్, ఎథెల్ రోసెన్‌బర్గ్ దంపతుల విషయం ఇంకా కష్టమైనది. 1953 జూన్ 19న వారికి మరణశిక్ష అమలు చేసేనాటికి పెద్ద కొడుకుకు పదేళ్లు, చిన్నవాడికి ఆరేళ్లు. జూలియస్ సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అందించాడని 1995 నుంచి బయటపెట్టిన సోవియట్ తంతి సందేశాలు తెలుపుతున్నాయి. భార్య ఎథెల్ పాత్ర మీద వాదన నేటికీ తెగలేదు. దీన్ని పిల్లల దగ్గర దాచకూడదు. గూఢచారులు ఉన్న మాట నిజమే, ఆ పేరు చెప్పి ఏ గూఢచర్యంతోనూ సంబంధం లేని టీచర్ల బతుకులు కూల్చిన మాటా నిజమే. ఈ రెండింటినీ కలిపి ఆలోచించగల శక్తి పదమూడేళ్ల పిల్లలకు ఉంటుంది.

అమెరికా గొడవ మన పిల్లలకెందుకని కొందరు అడగవచ్చు. 1948–51 మధ్య ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో కమ్యూనిస్టు కుటుంబాల మీద సాగిన నిర్బంధం ఎటువంటిదో కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ చదివినవారికి తెలుసు. అది పెద్దల కోసం రాసిన ఆత్మకథ. తల్లిదండ్రులు అజ్ఞాతంలో ఉండగా అమ్మమ్మ ఇంట్లో పెరిగే పిల్లల వైపు నుంచి, పన్నెండేళ్ల పాఠకులు చదువుకోగలిగేలా మన రచయితలు నవలలు రాయాలి. ఆ రోజులు చూసినవారు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు కనుక ఈ పని వెంటనే మొదలుకావాలి. మీ పత్రిక బాలల నవలల పోటీ ఏదైనా తలపెడితే ఈ ఇతివృత్తానికి అందులో చోటు కల్పించమని, వచ్చిన పుస్తకాలను జిల్లా గ్రంథాలయ సంస్థలు కొనేలా మీ సంపాదకీయం ద్వారా ఒత్తిడి తేవాలని విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి