నీ బ్రౌజరు నీ మాట వినాలంటే

ఒరేయ్ రవీ,

నీ మెయిలు చదివాను. పిల్లలకి గ్రహణాల పాఠం చెప్పడానికి ఒక వీడియో వెతకబోయి, గంట తర్వాత చూసుకుంటే ఇంకెక్కడో తేలానని రాశావు. ట్యాబులు మూసేద్దామంటే ఏది పోతుందోనని భయం, ఉంచుదామంటే టెన్షన్. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఒకటి చెప్తా విను. నీకు నిలకడ తగ్గిందని బాధపడకు. ఆ పేజీలు కట్టిందే మనిషిని కదలనివ్వకుండా. కిందికి జరిపేకొద్దీ అంతు లేకుండా వచ్చే స్క్రోలుని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, తర్వాత దాని గురించి బాహాటంగానే బాధపడ్డాడు. 2010లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి ట్యాబుల్ని గుంపులుగా సర్దుకునే ఏర్పాటు తెచ్చిందీ అతనే. మధ్యలో తీసేసినా, 2025లో ట్యాబ్ గ్రూపులు కొత్తగా మళ్ళీ వచ్చాయి. ఒక ట్యాబుని లాగి ఇంకోదాని మీద వదిలితే గుంపు తయారు. దానికి 'గ్రహణాలు' అని పేరు పెట్టుకుని, పని అయ్యాక గుంపునే సేవ్ చేసి మూసెయ్యి. ఏదీ పోదు.

నిన్ను ఫైర్‌ఫాక్స్‌కి మారమనడానికి అసలు కారణం యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చాక పూర్తి యూబ్లాక్ అక్కడ నడవడం లేదు, లైట్ అనే కుదించిన రకమే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిదే ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా. అందరూ దాన్ని యాడ్లు ఆపేదనే అనుకుంటారు. నాకు నచ్చింది అందులో ఉన్న డ్రాపర్ గుర్తు. యూట్యూబ్‌లో ఏదైనా వీడియో తెరిచి ఆ గుర్తు నొక్కు. పేజీ మసకబారుతుంది, మౌస్ ఎక్కడ పెడితే ఆ భాగం రంగు మారుతుంది. కుడిపక్కన 'ఇవి కూడా చూడండి' అంటూ వరసకట్టే వీడియోల మీద క్లిక్ చెయ్యి. మూలన చిన్న పెట్టె వస్తుంది. అందులో గీటుని జరిపి, ఒక్క వీడియో కాకుండా వరసంతా ఎంపికయ్యేదాకా చూసుకో. ప్రివ్యూ నొక్కి సరిచూసుకుని క్రియేట్ కొట్టు. ఆ వరస మాయం, ఇంక రోజూ మాయమే. పేజీలో నువ్వు వెతికిన పాఠం ఒక్కటే మిగులుతుంది. హాయిగా ఉంటుందిరా!

నేను అభిమానంగా చదివే చిన్న సైట్లలో మాత్రం యాడ్లని ఆపను. వాళ్ళకి అదే తిండి. చందా కట్టే వీలుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, ఆరెస్సెస్ (RSS) ఫీడ్. ఒక సైటులో కొత్తగా వచ్చినవాటి జాబితాని మన దగ్గరికే చేర్చే ఏర్పాటది. కూడలి గుర్తుందా? తెలుగు బ్లాగులన్నీ ఒకేచోట కనపడేవి, దాని వెనకున్నది ఈ ఫీడే. 2013 జూలైలో, ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్ మూతపడ్డాక చాలామంది ఫీడ్లు పోయాయనే అనుకున్నారు. పోలేదు. బ్లాగర్లో రాసినవాటికీ, వర్డ్‌ప్రెస్ సైట్లకీ, చివరికి ఒక్కో యూట్యూబ్ ఛానల్‌కీ ఇప్పటికీ ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ తనలో ఉన్న ఫీడ్ సదుపాయాన్ని 2018లో తీసేసింది కాబట్టి ఫీడ్‌బ్రో అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకో. ఈమాట వెబ్ పత్రిక, నీకిష్టమైన బ్లాగులు, సైన్సు పాఠాలు చెప్పే ఛానళ్ళు అందులో చేర్చు. ఎవరు ముందు కనపడాలో ఏ కంపెనీ లెక్కలూ తేల్చవు. కొత్తది వస్తే వరసలో కనపడుతుంది, రాకపోతే ఖాళీ. పొద్దున పేపరు ఆఖరి పేజీకొచ్చాక మడిచి పక్కన పెట్టినట్టు, ఇక్కడ కూడా చదవడం ఒకచోట అయిపోతుంది. మనం పోగొట్టుకున్నది ఆ 'అయిపోవడం' అనే నా గట్టి నమ్మకం.

చిన్నవి గబగబా చెప్పేస్తా. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ దగ్గర, నోటిఫికేషన్లకి కొత్తగా ఎవరూ అనుమతి అడగకుండా టిక్ పెట్టు. అక్కడే ఆటోప్లేలో శబ్దం, వీడియో రెండూ ఆపు. వార్తల సైటు తెరవగానే నెత్తిన పడే గోల సగం తగ్గుతుంది. హోమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కొత్త ట్యాబులో వచ్చే కథనాలూ స్పాన్సర్డ్ గుర్తులూ తీసెయ్యి. వ్యాసం పొడుగ్గా ఉంటే ఎఫ్9 కొట్టు, అక్షరాలు, బొమ్మలు తప్ప ఇంకేం ఉండవు. అడ్రసు పెట్టెలో శాతం గుర్తు కొట్టి, ఖాళీ వదిలి ఒక మాట రాస్తే తెరిచి ఉన్న ట్యాబుల్లోనే వెతుకుతుంది. నక్షత్రం గుర్తుతో బుక్‌మార్కుల్లో. నీలాంటి ట్యాబుల ఆసామికి ఇది తెలిసి తీరాలి.

బాగుంది కదా అని కనపడిన ప్రతి ఎక్స్‌టెన్షనూ ఎక్కించకు. చాలావాటికి నువ్వు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి ఇవ్వాల్సి వస్తుంది, బ్యాంకు పేజీతో సహా. ఈ రెండూ చాలు.

ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందేసుకుని వీడియో కాల్ చెయ్యి, ఫీడ్లు ఇద్దరం కూర్చుని ఎక్కిద్దాం. ఈలోపు నీకు నిజంగా కావలసిన సైట్లూ ఛానళ్ళూ ఒక కాగితం మీద రాసి ఉంచు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
వాసు