మా థియేటర్‌కు ఒక సరైన రిజిస్టరు ఇవ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే స్టాఫ్ నర్సును. ఆపరేషన్ పరికరాల్లో క్రిములు చంపే పనికి సరైన రికార్డు లేదని మేమిచ్చిన వినతిపత్రాలన్నిటికీ రసీదు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే మీకు ఇలా రాయవలసి వచ్చింది.

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. విచారణ, చర్యలు అన్నీ మీకు తెలిసినవే. నా భయమల్లా మా ఆసుపత్రి గురించి. రేపు మా దగ్గర ఎవరికైనా ఇన్‌ఫెక్షన్ వస్తే, ఆమెకు వాడిన పరికరాలు ఏ డ్రమ్ములోవి (పరికరాలు సర్దే లోహపు డబ్బా), ఆ డ్రమ్ము ఎప్పుడు ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే యంత్రం)లో పెట్టారు అని అడిగితే చూపించడానికి మా దగ్గర కాగితం లేదు.

ఉన్నది ఒక లాంగ్ నోటుబుక్కు. స్కేలుతో గీసిన మూడు గడులు: తేదీ, సమయం, సంతకం. వేడి 121 డిగ్రీలకు చేరిందా, అక్కడ ఎంతసేపు నిలిచింది, మధ్యలో కరెంటు పోయిందా, ఇవేవీ రాసే చోటు లేదు. డ్రమ్ముకు అంటించే సూచిక టేపు మీద గీతలు నల్లబడితే చాలనుకుంటున్నారు. వేడి తగిలిందని మాత్రమే అవి చెబుతాయి. క్రిములు చచ్చాయో లేదో తేల్చడానికి స్పోర్ పరీక్ష (వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాలను లోపల పెట్టి, అవి చచ్చాయో లేదో చూడటం) వారానికి ఒకసారైనా చేయాలి. దాని కోసం పెట్టిన ఇండెంట్లు (సరుకు కోరే కాగితాలు) స్టోరు దాటి కదలలేదు.

పొట్టలోకి చూడటానికి వాడే లాప్రోస్కోప్ గొట్టం సంగతి మరీ ఘోరం. మా దగ్గరున్నది ఆటోక్లేవ్‌లో పెట్టేది కాదు, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానాలి. ద్రావణం కలిపిన తేదీ ప్లాస్టరు ముక్క మీద రాసి ట్రేకు అంటిస్తాం. తడి తగిలి సిరా కారిపోతుంది. 14 రోజుల గడువు దాటిందో లేదో ఇక ఎవరిని అడగాలి? వరుసగా కేసులున్న రోజు స్కోపు ఎప్పుడు ముంచారో, ఎప్పుడు తీశారో గడియారం చూసి రాసేది ఎవరు? సర్జన్ పక్కన గ్లవ్స్‌తో నిలబడ్డ నర్సు పెన్ను ముట్టుకోకూడదు కదా!

ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసే కాయకల్ప తనిఖీ దగ్గరపడితే మాత్రం రిజిస్టర్లు గుర్తుకొస్తాయి. ఖాళీలు నింపమని పైనుంచి మాట వస్తుంది. ఎప్పుడో జరిగిన పనికి ఇప్పుడు సమయం ఊహించి సంతకం పెట్టనన్నాను. మొండిమనిషినని పేరు వచ్చింది. ఆ పేరుకు నేనేమీ బాధపడను. కానీ అదే ఒత్తిడికి తలవంచి సంతకం పెట్టిన చిన్నపిల్ల, నిన్నమొన్న చేరిన కాంట్రాక్టు నర్సు, రేపు విచారణలో ఆ సంతకానికి ఒంటరిగా జవాబు చెప్పాలి. ఆమె తరఫున ఎవరు నిలబడతారు?

అయ్యా, అచ్చు వేసిన రిజిస్టరు ఇప్పించండి. ఆటోక్లేవ్‌లో ఒక్కోసారి పెట్టే ప్రతి లోడుకూ ఒక నంబరు, ఆ నంబరు రోగి కేస్‌షీటులోకి ఎక్కే పద్ధతి పెట్టించండి. రాయడానికి షిఫ్టుకు ఒక మనిషిని ఇవ్వండి. టేపు, స్పోర్ స్ట్రిప్పులు మందుల్లాగే నెలనెలా వచ్చేలా చూడండి. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, కోట్ల నిధులూ అక్కరలేదు. దయచేసి ఈసారైనా జవాబు ఇప్పించండి. కనీసం మా పాత వినతిపత్రాలు ఏ అధికారి బల్ల మీద ఆగాయో అయినా చెప్పించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు