బకెట్ ఎరువుకు ఎండుటాకులే ఆధారం

సంపాదకులకు,

తడిచెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చాలని మొదలుపెట్టి, కంపు భరించలేక మానేసేవారు విశాఖలో ఎందరో. తప్పు చెత్తది కాదు, తేమది. మన సముద్రపు గాలికి బకెట్ త్వరగా ఆరదు, లోపల గాలాడక కుళ్లుతుంది. 20 లీటర్ల బకెట్‌కు అడుగున, చుట్టూ రంధ్రాలు పెట్టి, గిన్నెడు కూరగాయల తొక్కులకు రెండు గిన్నెల ఎండుటాకులు గానీ కొబ్బరిపొట్టు గానీ వేయాలి. పైపొర ఎప్పుడూ పొడిగానే ఉండాలి, లేకుంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. నాలుగు రోజులకోసారి తిరగేయాలి. పిడికిట్లో పిండితే నీరు కారకూడదు. కారితే ఇంకొన్ని ఆకులు కలపాలి. చేపముళ్లు, బోండాం డొక్కలు ఇందులో వద్దు. రెండు మూడు నెలలకు మట్టివాసన వస్తుంది, అంటే ఎరువు సిద్ధమైనట్టే.

అపార్ట్‌మెంట్లలో, పార్కుల్లో ఊడ్చిన ఆకులను దయచేసి తగలబెట్టకండి. జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ) వాటిని గోనెసంచుల్లో నింపి వార్డుల్లో పంచాలి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం